చిన్న గ్యారేజ్‌లో కారు లిఫ్ట్: కొలతలు తీయడం దగ్గర్నుంచి కారు పైకెత్తేదాకా

"గ్యారేజ్‌లో లిఫ్ట్ పెట్టుకుందామనుకుంటున్నా, ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందులో సగానికి పైగా డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లే. బ్రాండ్ పేరు చెప్పి ఊరుకోవచ్చు గానీ దానివల్ల ఉపయోగం ఉండదు. మీ సీలింగ్ ఎంత ఎత్తు, మీ ఫ్లోర్ ఎంత మందం అన్న రెండు లెక్కలు తేలితే ఏ లిఫ్ట్ కొనాలన్న ప్రశ్నకు జవాబు ముప్పాతిక వంతు దానంతటదే వచ్చేస్తుంది. అందుకే ఇక్కడ కొనడం గురించి ఆలస్యంగా వస్తుంది, కొలవడం ముందు వస్తుంది.

అమెరికాలో మామూలుగా కనిపించే రెండు కార్ల గ్యారేజ్‌ని, అంటే సుమారు 20 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు, 8 నుంచి 10 అడుగుల సీలింగ్ ఉన్నదాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇండియాలో సొంతింట్లో పెట్టుకోవాలనుకునేవాళ్ల కోసం చివర్లో విడిగా ఒక భాగం ఉంది.

## 1. లిఫ్ట్ ఏ పనికి?

ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం, టైర్లు అటూ ఇటూ మార్చుకోవడం, షాక్ అబ్జార్బర్లు బిగించడం. ఇంట్లో చేసే పనులు చాలామందికి ఇంతే. వీటికి కారు 20 అంగుళాలు లేస్తే చాలు.

ట్రాన్స్‌మిషన్ దించాలి, ఎగ్జాస్ట్ మొత్తం మార్చాలి, పాత కారు కొని అడుగు నుంచి బాగుచేసుకోవాలి అంటే లెక్క వేరు. రెండు కార్ల చోట్లో మూడో కారు పెట్టాలంటే అది మరీ వేరు.

ఈ మూడింటిలో మీది ఏదో కాగితం మీద రాసుకోండి. ఏడాదికి రెండుసార్లు ఆయిల్ మార్చడానికి టూ పోస్ట్ లిఫ్ట్, అంటే రెండు స్తంభాలకుండే ఉక్కు చేతులతో కారుని ఎత్తే రకం కొని, దాని స్తంభాల మధ్య బియ్యం బస్తాలు పేర్చుకున్న గ్యారేజ్‌లు ఉన్నాయి. కొనడం తప్పేం కాదు, కానీ ఆ చోటు మళ్లీ తిరిగి రాదు.

## 2. ఎత్తు లెక్క

టేపు తీసుకుని నాలుగు చోట్ల కొలవండి: డోర్ దగ్గర, మధ్యలో, వెనక గోడ దగ్గర, డోర్ ఓపెనర్ పట్టా కింద. చాలామంది సీలింగ్ షీట్‌రాక్ (జిప్సం పలక) దాకా కొలిచి సంబరపడతారు. నిజానికి మీకు దక్కే ఎత్తు, తెరిచినప్పుడు తలుపు పడుకునే ట్రాక్ కింద ఉన్నంతే. 9 అడుగుల సీలింగ్‌లో అది 8 అడుగులకు కూడా తక్కువైపోవచ్చు.

లెక్క తేలికే. దక్కే ఎత్తులోంచి కారు ఎత్తు తీసేయండి, ఇంకో 4 అంగుళాలు జాగ్రత్త కోసం తీసేయండి. మిగిలినంత మాత్రమే కారు లేస్తుంది.

ట్రాకులు, ఓపెనర్ అడ్డు లేవనుకుంటే:

- కామ్రీ లాంటి సెడాన్, సుమారు 57 అంగుళాల ఎత్తు: 8 అడుగుల సీలింగ్‌లో 35 అంగుళాలు, 9 అడుగుల సీలింగ్‌లో 47 అంగుళాలు లేస్తుంది.
- టెస్లా మోడల్ వై, సుమారు 64 అంగుళాలు: 8 అడుగుల్లో 28, 9 అడుగుల్లో 40.
- ఒడిస్సీ వ్యాన్, సుమారు 70 అంగుళాలు: 8 అడుగుల్లో 22, 9 అడుగుల్లో 34.

కామ్రీ 47 అంగుళాలు లేచిందంటే దాని అడుగుభాగం నేలకు 50 అంగుళాల పైన ఉంటుంది. చక్రాల స్టూల్ మీద కూర్చుని హాయిగా పని చేసుకోవచ్చు. నిటారుగా నిలబడి చేయాలంటే మాత్రం 11, 12 అడుగుల సీలింగ్ కావాల్సిందే.

ఒక కారు మీద ఇంకో కారు పెట్టే లెక్క: కింది కారు ఎత్తు, పై కారు ఎత్తు, ప్లాట్‌ఫాం మందం 5 లేదా 6 అంగుళాలు, జాగ్రత్తకు ఇంకో 4. రెండు కామ్రీలకే 10 అడుగుల 4 అంగుళాలు అయింది. 9 అడుగుల గ్యారేజ్‌లో ఈ ఆశ వదులుకోవాలి.

వెడల్పు, లోతు సంగతి కూడా చూడండి. టూ పోస్ట్ లిఫ్ట్ బయటి కొలత మోడల్‌ని బట్టి 11 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. 20 అడుగుల వెడల్పులో అది పోగా రెండో కారుకు చోటు ఇరుకే. కామ్రీ పొడవు దాదాపు 16 అడుగులు, కాబట్టి 20 అడుగుల లోతులో ముందూ వెనకా కలిపి 4 అడుగులే మిగులుతాయి. ఆ నాలుగడుగుల్లోనే టూల్ బాక్సు, రెండో ఫ్రిజ్, ఆవకాయ జాడీలున్న డీప్ ఫ్రీజర్ ఇమడాలి.

## 3. ఫ్లోర్ పరీక్ష

ఇక్కడ తొందరపడొద్దు. లిఫ్ట్ ఎంత గొప్పదైనా, అది మోసే బరువంతా కాంక్రీటులో దిగిన కొన్ని అంగుళాల బోల్టుల మీదే.

3.1 ముందు పోస్ట్ టెన్షన్ స్లాబా, అంటే లోపల బిగించిన ఉక్కు తీగలున్న స్లాబా కాదా చూడండి. టెక్సస్‌లో బంకమట్టి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. అందుకని అక్కడ కొత్త ఇళ్లలో చాలావాటికి స్లాబు లోపల ఉక్కు తీగలు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని లాగి బిగించి వదులుతారు. ఒక్కో తీగలో దాదాపు 30,000 పౌండ్ల బిగువు ఉంటుంది. డ్రిల్ బిట్ దానికి తగిలి తీగ తెగిందంటే కాంక్రీటు చీల్చుకుని బయటికి రావచ్చు. మనిషికి ప్రమాదం, ఇంటి పునాదికి నష్టం.

గ్యారేజ్ తలుపు దగ్గర నేల మీద, స్లాబును కోయొద్దు, రంధ్రాలు వేయొద్దు అని అచ్చు వేసిన ముద్ర ఉందేమో చూడండి. ఫ్లోర్‌కి ఎపాక్సీ పెయింట్ వేయించుంటే ముద్ర దాని కింద కప్పుబడి ఉండొచ్చు. పక్కకు వంగి టార్చ్ లైట్ ఏటవాలుగా కొడితే అక్షరాల గాట్లు తెలుస్తాయి. కనిపించకపోతే బిల్డర్ ఇచ్చిన ఫౌండేషన్ ప్లాన్ చూడండి, లేదా సిటీ ఆఫీసులో అడగండి.

పోస్ట్ టెన్షన్ అని తేలితే రెండే దారులు. రంధ్రాలు అక్కర్లేని లిఫ్ట్ కొనుక్కోవడం, లేదా గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్‌తో స్లాబు స్కాన్ చేయించి, తీగలు ఎక్కడున్నాయో గీతలు గీయించుకుని, ఇంజనీర్ సరే అన్నాకే డ్రిల్ పట్టడం. నా సలహా మొదటిది.

3.2 మందం. మామూలు టూ పోస్ట్ లిఫ్టులకు కనీసం 4 అంగుళాల మందం, 3,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం అడుగుతారు. కొన్ని మోడళ్లకు ఇంకా ఎక్కువ కావాలి, మాన్యువల్‌లో ఉంటుంది. స్లాబు అంచుల్లో మందంగా ఉండి మధ్యలో పలచగా ఉండటం మామూలే కాబట్టి తలుపు దగ్గర అంచు చూసి లోపలంతా అలాగే ఉంటుందనుకోకండి. స్తంభం నిలబడే చోటనే చిన్న బిట్‌తో ఆరపార రంధ్రం వేసి, చివర కొక్కెంలా వంచిన సన్నటి తీగ దించి, కింది అంచుకు తగిలించి పైకి లాగి కొలవండి. రెండు స్తంభాల చోట్లా కొలవాలి.

3.3 పగుళ్లు, జాయింట్లు. స్తంభాన్ని కాంక్రీటుకు పట్టి ఉంచే యాంకర్ బోల్టుకీ, పగులుకో జాయింటుకో, స్లాబు అంచుకో మధ్య కనీసం 6 అంగుళాలు ఉండాలని చాలా మాన్యువళ్లు చెబుతాయి. గ్యారేజ్ నడి మధ్యలో కోసిన జాయింటు సరిగ్గా మీ స్తంభం కిందికే వచ్చే అవకాశం ఉంది. సుద్దముక్కతో బేస్ ప్లేటు (స్తంభం అడుగున ఉండే ఉక్కు పలక) ఆకారం నేల మీద గీసి చూస్తే అప్పుడే తెలిసిపోతుంది.

3.4 వాలు. నీళ్లు బయటికి పోవడానికి గ్యారేజ్ నేల తలుపు వైపు వాలుగా పోస్తారు. అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు వాలున్నా 20 అడుగుల్లో రెండున్నర అంగుళాల తేడా వస్తుంది. రెండు స్తంభాలూ తలుపు నుంచి సమాన దూరంలో ఉంటే ఆ వాలు రెండింటికీ ఒకటే, షిమ్ రేకులతో, అంటే సందు నింపే పలచటి రేకులతో సర్దుకుంటుంది. స్తంభం కింద షిమ్ రేకులు అర అంగుళం మించి అవసరమైతే ఆ చోటు పనికిరాదని అర్థం.

ఫ్లోర్ చాలకపోతే స్తంభాల చోట పాత కాంక్రీటు కోసేసి, మందంగా, స్టీలు వేసి కొత్తది పోయించుకోవచ్చు. పోశాక 28 రోజులు ఆగాలి. పైన పలచగా ఇంకో పొర పోస్తే సరిపోదా అంటారు. సరిపోదు. బోల్టు పట్టు ఆ రెండు పొరల మధ్యే వదిలేస్తుంది.

## 4. ఏ రకం?

పోర్టబుల్ ఫ్రేములు. క్విక్‌జాక్ లాంటివి. రెండు సన్నటి ఫ్రేములు కారుకి అటొకటి ఇటొకటి తోసి, పంపు నొక్కితే సుమారు 21 అంగుళాలు లేస్తుంది. 110 వోల్టుల మామూలు ప్లగ్గుతో నడిచే మోడల్ దొరుకుతుంది. నేలకు రంధ్రాలు అక్కర్లేదు, పని అయ్యాక గోడకు ఆనించుకోవచ్చు, ఇల్లు మారితే వెంట తీసుకెళ్లొచ్చు. కొనేముందు మీ కారు ముందు, వెనక జాక్ పాయింట్ల (కారు అడుగున జాక్ ఆనించే చోట్ల) మధ్య దూరం కొలిచి ఫ్రేము పొడవుతో సరిచూడండి. పొడుగు కార్లకు పొడుగు ఫ్రేము మోడళ్లు వేరే ఉంటాయి.

మిడ్ రైజ్ సిజర్ లిఫ్ట్. కత్తెర ఆకారంలో లేస్తుంది. టైర్, బ్రేక్ పనులకు బాగుంటుంది. దాని యంత్రమంతా కారు నడుమ కిందే ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌మిషన్, ఎగ్జాస్ట్ పనులకు అడ్డం.

పొట్టి టూ పోస్ట్. మ్యాక్స్‌జాక్స్ లాంటివి. స్తంభాలు పొట్టిగా ఉండి, పని లేనప్పుడు విప్పి పక్కన పెట్టుకునేలా చేస్తారు. తక్కువ సీలింగ్ ఉన్నవాళ్లకు చక్కటి మధ్యేమార్గం. అయితే ఇదీ యాంకర్ల మీదే నిలబడాలి, కాబట్టి మూడో భాగంలో చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయి.

పూర్తి టూ పోస్ట్. కింద ప్లేటు ఉండే రకం స్తంభాలే 9 అడుగులు దాటుతాయి. పైన అడ్డ దూలం ఉండే రకానికి సాధారణంగా 11 నుంచి 12 అడుగులు కావాలి. చక్రాలు గాల్లో వేలాడతాయి, కింద అంతా ఖాళీ. నిజమైన మెకానిక్ పనికి దీన్ని మించింది లేదు.

ఫోర్ పోస్ట్. కారు ప్లాట్‌ఫాం మీదికి నడిపి ఎత్తడమే. చాలా మోడళ్లకు ఇంట్లో వాడకానికి యాంకర్లు తప్పనిసరి కాదు. కారు దాచుకోవడానికి ఇదే సరైనది. కానీ చక్రాలు ప్లాట్‌ఫాం మీదే ఉంటాయి కాబట్టి బ్రేక్ పని చేయాలంటే నడుమ పెట్టే జాక్ విడిగా కొనాలి. పై కారు నుంచి కారే ఆయిల్ కింది కారు మీద పడకుండా ట్రేలు కూడా తీసుకోండి.

8, 9 అడుగుల సీలింగ్, మామూలు ఇంటి పనులు అయితే పోర్టబుల్ ఫ్రేములతో మొదలుపెట్టమనే నేను చెబుతాను. ఆరు నెలలు వాడాక ఇంకా ఎత్తు చాలట్లేదనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

## 5. బరువు, గుర్తింపు ముద్ర

డ్రైవర్ తలుపు అంచున ఉండే స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ అంకె చూడండి. అది కారు నిండా మనుషులు, సామాన్లు ఉన్నప్పటి గరిష్ఠ బరువు. లిఫ్ట్ సామర్థ్యం దానికి తగ్గకుండా చూసుకుంటే ఇక బెంగ ఉండదు.

టూ పోస్ట్‌లో మొత్తం సామర్థ్యంతో పాటు, కారుని మోసే నాలుగు చేతుల్లో ఒక్కోదాని వంతు కూడా చూడాలి. 7,000 పౌండ్ల లిఫ్ట్ అంటే ఒక్కో చేతికి 1,750. ఇంజన్ ముందున్న కార్లలో బరువు సమానంగా పంచుకోదు, ముందు చేతులకే ఎక్కువ పడుతుంది.

ఏఎల్‌ఐ, అంటే ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికేషన్ లేబుల్ ఉన్న మోడల్ తీసుకోండి. "ఏఎల్‌ఐ ప్రమాణాలకు తగ్గట్టు తయారు చేశాం" అని ప్రకటనలో రాసుకోవడం వేరు, పరీక్ష నెగ్గి లేబుల్ అంటించుకోవడం వేరు. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సర్టిఫై అయిన మోడళ్ల జాబితా ఉంటుంది. మోడల్ నంబర్ అక్షరం అక్షరం సరిపోల్చుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే కేబుళ్లు, లాకులు, వెల్డింగ్ అతుకులు నిపుణుడికి చూపించండి. యాంకర్లు మాత్రం కొత్తవే వేయాలి, ఒకసారి పీకినవి మళ్లీ పనికిరావు.

## 6. కరెంటు, తలుపు, మంట

టూ పోస్ట్, ఫోర్ పోస్ట్ మోటార్లు ఎక్కువగా 220 వోల్టులవి. దానికంటూ వేరే సర్క్యూట్, మాన్యువల్ చెప్పిన బ్రేకర్ కావాలి. 30 ఆంప్స్ బ్రేకర్ అయితే 10 గేజ్ రాగి తీగ. ఎలక్ట్రిక్ కారు చార్జర్ కూడా ఉంటే ప్యానెల్‌లో చోటు, మొత్తం లోడు సరిపోతాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించండి. చార్జర్ సర్క్యూట్‌నే లిఫ్ట్‌కీ వాడుకుందామనే ఆలోచన వద్దు.

తలుపు విషయానికొస్తే, ట్రాక్‌ని సీలింగ్‌కి దగ్గరగా జరిపే హై లిఫ్ట్ మార్పు చేయించి, నడుమ వేలాడే ఓపెనర్ తీసేసి గోడకు బిగించే రకం పెట్టిస్తే ఒక అడుగు దాకా ఎత్తు కలిసొస్తుంది. ఈ పనిలో టార్షన్ స్ప్రింగుల (తలుపు బరువు మోసే, గట్టిగా మెలిపెట్టి ఉన్న స్ప్రింగుల) జోలికి మీరు వెళ్లొద్దు, డోర్ టెక్నీషియన్‌కే వదిలేయండి. సీలింగ్ పైన ఇంటి కప్పును మోసే ట్రస్ కర్రలు కోసి చోటు చేసుకుందామని ఎవరైనా అంటే ఇంజనీర్ సంతకం లేకుండా ఒప్పుకోవద్దు.

ఇక మన ఇళ్లకే ప్రత్యేకమైన సంగతి ఒకటి. పోపు వాసన ఇంట్లోకి రాకూడదని గ్యారేజ్‌లో గ్యాస్ పొయ్యి పెట్టుకుని గారెలు, చేపల వేపుళ్లు అక్కడే చేసుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఫ్యూయల్ లైను విప్పే పని ఉన్న గదిలో ఆ పొయ్యి ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. గ్యారేజ్‌లో ఉన్న గ్యాస్ వాటర్ హీటర్‌ని 18 అంగుళాల ఎత్తు దిమ్మె మీద పెట్టడానికి కారణం అదే.

## 7. అనుమతులు, డెలివరీ

సిటీ పర్మిట్ అవసరమా, హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఒప్పుకుంటుందా, ఇంటి ఇన్సూరెన్స్ ఏమంటుంది అన్న మూడూ డబ్బు కట్టకముందే, వీలైతే ఈమెయిల్‌లో, అడిగి ఉంచుకోండి.

పూర్తి టూ పోస్ట్ లిఫ్ట్ వెయ్యి పౌండ్లు దాటిన మూటగా ఫ్రైట్ ట్రక్కులో వస్తుంది. డ్రైవర్ రోడ్డు దగ్గర దించి వెళ్లిపోతాడు. లిఫ్ట్‌గేట్ (సరుకు నేల మీదికి దించే పలక) ఉన్న ట్రక్కు పంపమని ముందే చెప్పండి. సంతకం పెట్టేముందు మూట చుట్టూ తిరిగి, వంగినవి, గీరుకున్నవి ఫొటో తీసి రసీదు మీద రాయించండి. సంతకం అయ్యాక చెబితే వినేవాడు ఉండడు.

## 8. బిగించే క్రమం: టూ పోస్ట్

పోర్టబుల్ కొన్నవాళ్లు ఇది వదిలేసి తొమ్మిదో భాగానికి వెళ్లొచ్చు. టూ పోస్ట్ వాళ్లు మాన్యువల్ పక్కన తెరిచి పెట్టుకోండి. కింద చెప్పింది క్రమం మాత్రమే. అంకెలన్నీ మాన్యువల్‌వే చెల్లుతాయి.

1. కారుతో రిహార్సల్. రంధ్రం వేయకముందే స్తంభాల చోట సుద్దతో గీసి, మధ్యలోకి కారు తెచ్చి ఆపండి. తలుపులు తెరవండి, డిక్కీ ఎత్తండి, గ్యారేజ్ షట్టర్ మూయండి. డ్రైవర్ దిగగలుగుతున్నాడా? ఇక్కడ తేడా వస్తే సుద్ద గీత చెరిపితే పోతుంది.

2. గీతలు. తలుపుకు సమాంతరంగా చాక్ లైన్ కొట్టండి. 3, 4, 5 అడుగుల లెక్కతో మూలమట్టం చూసుకోండి. రెండు బేస్ ప్లేట్ల మధ్య కర్ణాలు కొలిచి సమానంగా వచ్చేదాకా జరపండి.

3. స్తంభాలు నిలబెట్టడం. ఇంజన్ హోయిస్టు అద్దెకు తెచ్చుకుని, తోడు ఇద్దరిని పిలవండి. మొదట పవర్ యూనిట్ (మోటార్, పంపు) ఉండే స్తంభం.

4. ఒక స్తంభానికే డ్రిల్లింగ్. బేస్ ప్లేటు రంధ్రాలే గైడ్. రోటరీ హ్యామర్, యాంకర్ సైజుకు సరిగ్గా సరిపోయే కార్బైడ్ బిట్ వాడాలి. అరిగిన బిట్‌తో రంధ్రం సన్నమవుతుంది, ఊగే చేత్తో వేస్తే వెడల్పవుతుంది. రెండూ చేటే.

5. దుమ్ము తీయడం. వ్యాక్యూమ్, బ్రష్, మళ్లీ వ్యాక్యూమ్. రంధ్రంలో మిగిలిన పొడి యాంకర్ గోడను పట్టుకోకుండా అడ్డుపడుతుంది. ఇక్కడే ఎక్కువమంది చేయి తొందర చేస్తారు.

6. నిలువు. రసమట్టం రెండు పక్కలా పెట్టి చూడండి. షిమ్ రేకులు బోల్టులకు వీలైనంత దగ్గరగా, ప్లేటు కింద గట్టిగా పట్టేలా పెట్టాలి.

7. యాంకర్లు. నట్టు ఎక్కించి, సుత్తితో దించి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంత బిగించండి. ముప్పాతిక అంగుళం యాంకర్లకు సాధారణంగా 3.25 అంగుళాల లోతైనా కాంక్రీటులో ఉండాలి.

8. రెండో స్తంభం. మొదటిది గట్టిపడ్డాకే, దాని నుంచి కొలిచి, ఇదే వరుసలో.

9. గొట్టాలు, కేబుళ్లు. హైడ్రాలిక్ ఫ్లేర్ ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. దాని పీలిక ఒక్కటి దించే వాల్వులో ఇరుక్కుంటే కారు పైనే ఉండిపోతుంది. కేబుళ్లు పుల్లీల గాడిలో సరిగ్గా కూర్చున్నాయో టార్చ్ వేసి చూడండి.

10. ఆయిల్. క్యారేజ్‌లు (స్తంభం మీద పైకీ కిందికీ కదిలే, చేతులుండే భాగాలు) పూర్తిగా కిందికి దించి ఉన్నప్పుడే పోయాలి. మాన్యువల్ చెప్పిన రకమే.

11. కారు లేకుండా నడపడం. పైదాకా, కిందిదాకా చాలాసార్లు. లోపలి గాలి పోయి కదలిక నునుపుగా అయ్యేదాకా. లాకుల శబ్దం వినండి. రెండు స్తంభాల్లోనూ ఒకేసారి "ఠక్" మనాలి. ఒకటి ముందు, ఒకటి వెనక వినిపిస్తే కేబుళ్ల బిగువు సరిచేయాలి.

## 9. మొదటిసారి కారు ఎక్కించడం

ఇంట్లో ఉన్నవాటిలో తేలికైన కారుతో మొదలుపెట్టండి. ఓనర్ మాన్యువల్ తీసి జాక్ పాయింట్లు ఎక్కడున్నాయో చూసి, టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. ఎలక్ట్రిక్ కార్లలో అడుగంతా బ్యాటరీ పెట్టె కాబట్టి ప్యాడ్ (లిఫ్ట్ మీద కారుకి ఆనే రబ్బరు దిమ్మ) ఒక్క అంగుళం పక్కకు జరిగినా దాని మీదే నొక్కుతుంది. టెస్లాకు జాక్ పాయింట్ రంధ్రంలో కూర్చునే రబ్బరు పక్‌లు దొరుకుతాయి, అవి లేకుండా ఎత్తొద్దు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే ముందు జాక్ మోడ్ పెట్టాలి.

- ప్యాడ్లు నాలుగూ పాయింట్లకు తగిలేదాకా మెల్లగా ఎత్తి ఆపండి. చుట్టూ తిరిగి నాలుగూ చూడండి.
- చక్రాలు నేల వదిలి నాలుగైదు అంగుళాలు లేవగానే మళ్లీ ఆపండి.
- బంపర్ పట్టుకుని ముందుకీ పక్కకీ గట్టిగా ఊపండి. కారు జరిగినా, కిర్రుమన్నా దించి ప్యాడ్లు సర్దండి.
- కావాల్సినంత ఎత్తాక, లాకుల మీదికి దించి కూర్చోబెట్టండి. ఇది జరగకుండా తల కూడా కిందికి పెట్టొద్దు.
- ఆ రోజు పని ఏమీ పెట్టుకోకండి. కారు దించి, ప్రతి యాంకర్‌నీ, షిమ్‌నీ, గొట్టం అతుకునీ చూడండి.

నాలుగో అంశం మీద ఇంకో మాట. పంపు ఆపగానే కారు గాల్లో నిలిచింది కదా అనుకుంటారు. అప్పుడు దాన్ని మోస్తున్నది ఆయిల్ ఒత్తిడి మాత్రమే. సీలు కారినా, గొట్టం చిట్లినా కిందికి వచ్చేస్తుంది. లాకు మీద కూర్చుంటే ఉక్కు మోస్తుంది. పోర్టబుల్ ఫ్రేములకైనా ఇదే సూత్రం.

దించేటప్పుడు ముందు కాస్త పైకెత్తి లాకులు విడిపించాలి, ఆ తర్వాతే దించే లివర్. రెండు వైపులా లాకులు వదిలాయో లేదో చూడకుండా దించితే కారు ఒక పక్కకు ఒరుగుతుంది.

## 10. ఇబ్బందులు, సర్దుబాట్లు

యాంకర్ బిగిస్తుంటే తిరుగుతూనే ఉంది. రంధ్రం వెడల్పైంది, లేదా కాంక్రీటు బలహీనం. మిగతావి పట్టాయిగా అని వదిలేయకండి. తయారీదారు ఒప్పుకుంటే ఎపాక్సీ యాంకర్, లేకపోతే చోటు మార్చడం లేదా కొత్త కాంక్రీటు.

మోటార్ తిరుగుతోంది, కారు లేవడం లేదు. ఆయిల్ మట్టం చూడండి, దించే వాల్వు పూర్తిగా మూసుకుందా చూడండి. కొత్త లిఫ్ట్ అయితే గాలి ఉండిపోయి ఉంటుంది.

లేస్తోంది, కానీ ఆయాసపడుతోంది. ఎక్స్‌టెన్షన్ వైరు మీద నడుపుతున్నారా? వోల్టేజి పడిపోతే మోటార్ వేడెక్కి చస్తుంది.

దిగేటప్పుడు కుదుపులు. లైనులో గాలి. కారు లేకుండా పైకీ కిందికీ పూర్తిగా నడపండి.

ముందు బరువు, వెనక తేలిక. ఇంజన్ గానీ ట్రాన్స్‌మిషన్ గానీ దించాక కారు తూకం మారిపోతుంది. విప్పకముందే వెనక, ముందు పొడవాటి స్టాండ్లు ఆనించండి.

తలుపు తెరుచుకుని పైనున్న కారుకు కొట్టింది. ఇది పని చేసేవాడి వల్ల కన్నా, బయటినుంచి వచ్చి రిమోట్ నొక్కినవాళ్ల వల్లే ఎక్కువగా జరుగుతుంది. కారు ఎత్తినప్పుడు ఓపెనర్ ప్లగ్గు తీసేయడం అలవాటు చేసుకోండి.

పిల్లలు. లిఫ్ట్ వాడనప్పుడు బ్రేకర్ లేదా డిస్‌కనెక్ట్ స్విచ్‌కి తాళం. ఎత్తేటప్పుడు ఇంట్లోంచి గ్యారేజ్‌లోకి వచ్చే తలుపుకు లోపలివైపు గడియ.

నెలకోసారి కేబుళ్లు, లాకులు, ప్యాడ్ల రబ్బరు చూసుకోండి. ఏడాదికోసారి అర్హత ఉన్న ఇన్‌స్పెక్టర్‌తో పరీక్ష చేయించాలని పరిశ్రమ ప్రమాణం చెబుతుంది. ఇంట్లో పెట్టుకున్నది కదా అని లిఫ్ట్‌కి అరుగుదల తగ్గదు.

## 11. ఇండియాలో పెట్టుకునేవాళ్లకు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సొంతింట్లో పెట్టాలంటే మొదటి అడ్డంకి మళ్లీ ఫ్లోరే. మన ఇళ్లలో పార్కింగ్ నేలంటే చాలాచోట్ల బేస్‌మెంట్‌లో మట్టి నింపి, దాని మీద 1:4:8 పాళ్లలో పలచటి బెడ్ కాంక్రీటు పోసి, పైన సిమెంటు మాలులో పార్కింగ్ టైల్స్ పరచడమే. స్టీలు ఉండదు. ఆ టైల్స్‌లోంచి యాంకర్ దించితే పట్టు ఉండదు. ఆ చోట టైల్స్, పాత బెడ్ తీసేసి, మట్టి గట్టిగా దిమ్మిస చేసి, కనీసం 6 అంగుళాల మందాన స్టీలు జల్లెడతో ఎం25 గ్రేడు కాంక్రీటు పోయించాలి. అమెరికా మాన్యువల్ అడిగే 3,000 పీఎస్‌ఐ, కాంక్రీటు సిలిండర్‌ని నొక్కి చూసే పరీక్ష లెక్క. మన దగ్గర క్యూబ్‌ని నొక్కి చూస్తారు, అదే కాంక్రీటుకు అందులో అంకె కాస్త ఎక్కువ వస్తుంది కాబట్టి దానికి ఎం20 కాక ఎం25 దగ్గరగా వస్తుంది.

కింద సెల్లార్ ఉంటే ఆ పార్కింగ్ నేల నిజానికి సెల్లార్ పైకప్పు. స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క కట్టి చెప్పకుండా అక్కడ ఏ లిఫ్టూ పెట్టొద్దు. స్టిల్ట్ పార్కింగ్‌లో ఎత్తు కొలిచేటప్పుడు స్లాబు దాకా కాక, కిందికి దిగిన బీము అడుగు దాకా కొలవండి. డ్రైనేజీ పైపులు వేలాడుతుంటే వాటి కింద దాకా.

అమెరికా నుంచి లిఫ్ట్ సామాన్లలో వేసుకుని తెద్దామనుకునేవాళ్లు మోటార్ ప్లేటు చదవండి. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. వోల్టేజి సరిపోయినా, 60కి మాత్రమే చేసిన మోటార్ ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ వేడెక్కుతుంది. ప్లేటు మీద 50, 60 రెండూ రాసి ఉంటేనే తీసుకురండి. ఇక్కడి కంపెనీల దగ్గర కొంటుంటే ఇంటికి త్రీ ఫేజ్ కనెక్షన్ ఉందో లేదో ముందే చెప్పండి. వర్క్‌షాపుల కోసం చేసినవి ఎక్కువగా త్రీ ఫేజ్‌వే ఇచ్చి పంపుతారు, సింగిల్ ఫేజ్ కావాలని ఆర్డర్ కాగితం మీద రాయించుకోవాలి. ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంటే లిఫ్ట్ వచ్చేలోపే సరిచేయించండి.